పట్టం ఆలస్యమైన ఫీల్డ్‌బస్

పైపులో ఎంత పోతోందో ట్రాన్స్‌మిటర్ కొలుస్తుంది. ఎంత పోవాలో ప్యానెల్ ఆపరేటర్ నిర్ణయిస్తాడు. రెండింటికీ తేడా చూసి కంట్రోల్ వాల్వును ఇంకాస్త తెరవాలా, కాస్త మూయాలా అని లెక్కకట్టేది కంట్రోలర్. రిఫైనరీ అయినా, ఎరువుల ఫ్యాక్టరీ అయినా, కాగితం మిల్లు అయినా రాత్రింబగళ్లు నడిచేది ఈ లెక్క మీదే. ఆ లెక్క ఎక్కడ జరగాలన్న విషయంలో మాత్రం పరిశ్రమ తరాలు మారినకొద్దీ మనసు మార్చుకుంటూ వచ్చింది. మధ్యలో కొంతకాలం అది వాల్వులోనే జరిగింది. వాల్వు మీద బిగించిన పొజిషనర్ అనే చిన్న పెట్టెలో కంట్రోలర్ కొలువుండేది. ట్రాన్స్‌మిటర్ తన కొలతను తీగ మీద నేరుగా వాల్వుకే చెప్పేది. వాల్వు తనే లెక్క చూసుకుని తనే కదిలేది. కంట్రోల్ రూమ్‌లో కంప్యూటర్లన్నీ ఆరిపోయినా, ఆ తీగకు కరెంటు అందుతున్నంతసేపూ లూప్ ఆగేది కాదు. ఆ ఏర్పాటు పేరు ఫౌండేషన్ ఫీల్డ్‌బస్. పాత ప్లాంట్లలో ఇప్పటికీ నడుస్తోంది. కొత్త ప్లాంటు డ్రాయింగుల్లో దాని పేరు కనబడడం అరుదైపోయింది.

నిజానికి కంట్రోలర్ పుట్టిందే వాల్వు పక్కన. 1930లలో గాలి ఒత్తిడితో పనిచేసే న్యూమాటిక్ కంట్రోలర్‌ను పైపు పక్కన స్టాండు మీదే బిగించేవారు. 1942లో జీగ్లర్, నికోల్స్ కంట్రోలర్‌ను ట్యూన్ చేసే పద్ధతిని ప్రకటించేనాటికి వాళ్ల ముందున్నవి ఈ గాలి యంత్రాలే. 3 నుంచి 15 పీఎస్‌ఐ గాలిని సన్నటి గొట్టాల్లో దూరం పంపడం వచ్చాక కంట్రోలర్లను ఒక గదిలోకి చేర్చారు. తర్వాత గాలి పోయి 4–20 మిల్లీ ఆంపియర్ల కరెంటు వచ్చింది. 1975లో హనీవెల్ టీడీసీ 2000, యోకోగావా సెంటమ్ వచ్చి, గోడ నిండా పరచుకున్న కంట్రోలర్లను క్యాబినెట్లో కార్డులుగా మార్చేశాయి. వాల్వు దగ్గర పుట్టిన బుద్ధి అలా అంచెలంచెలుగా కిలోమీటరు దూరంలోని ఏసీ గదికి చేరింది.

4–20 మిల్లీ ఆంపియర్ల పద్ధతిని తక్కువచేసి మాట్లాడలేం. 4 అంటే కొలత సున్నా, 20 అంటే నిండుకొలత. తీగ తెగితే కరెంటే ఉండదు కాబట్టి, కొలత సున్నాకు పడిందా, తీగ తెగిందా అన్నది మల్టీమీటర్ పట్టుకున్న కొత్త కుర్రాడు కూడా చెప్పేస్తాడు. దాని లోటల్లా ఒక్కటే: ఒక జత తీగ మీద ఒక్క సంఖ్యే వెళ్తుంది. 1983లో హనీవెల్ ఎస్‌టీ 3000తో ట్రాన్స్‌మిటర్లలోకి మైక్రోప్రాసెసర్ వచ్చింది. తన ఒంటి ఉష్ణోగ్రత ఎంతో, తన సెన్సర్ బాగుందో లేదో ట్రాన్స్‌మిటర్‌కు తెలియడం మొదలైంది. లోపల అంత తెలిసీ బయటికి ఒక్క అంకె తప్ప చెప్పుకోలేని పరిస్థితి. ఆ నోటికి భాష ఇవ్వాలనే 1985లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్, అంటే ఐఈసీ, ఫీల్డ్‌బస్ ప్రమాణం పని మొదలుపెట్టింది. అమెరికాలో ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీర్ల సంఘం ఐఎస్‌ఏ వారి ఎస్‌పీ50 కమిటీ తోడైంది. కోరిక గొప్పది: ప్రపంచమంతటికీ ఒకే తీగ, ఒకే భాష. ఏ కంపెనీ ట్రాన్స్‌మిటర్ అయినా ఏ కంపెనీ వాల్వుతోనైనా మాట్లాడాలి.

ఆ తర్వాత జరిగింది దాయాదుల పోరు. ఫ్రాన్సు వాళ్లకు ఫిప్ ఉంది. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో ముందే రాసిపెట్టుకుని, సమయం తప్పకుండా అందరికీ వినబడేలా చెప్పడం దాని తీరు. జర్మనీలో 1987లో మొదలైన ప్రాజెక్టు ప్రొఫీబస్‌ అయింది. టోకెన్ చేతికొచ్చినవాడు మాట్లాడడం, అడిగినవాడికి జవాబివ్వడం దాని తీరు. రెండూ బుద్ధిమంతులు కట్టినవే, రెండూ పనిచేసేవే. అసలు చిక్కు అక్కడే. ఏది ప్రమాణమైతే దాన్ని తయారుచేసే కంపెనీలకు మార్కెట్టు, కానిదాన్ని నమ్ముకున్నవాళ్లకు పెట్టుబడి నష్టం. 1993లో కనీసం తీగ విషయంలో ఒప్పందం కుదిరింది: సెకనుకు 31.25 కిలోబిట్లు, మాంచెస్టర్ కోడింగ్, అదే జత తీగ మీద కరెంటూ, మాటా. ఆ తీగనే తర్వాత ప్రొఫీబస్‌లో ప్రాసెస్ ప్లాంట్ల రకమైన పీఏ కూడా తీసుకుంది. తీగ ఒకటే అయింది, దాని మీది భాషలు మాత్రం కలవలేదు.

అమెరికాలోనూ రెండు గుంపులు. 1992లో ఫిషర్, రోజ్‌మౌంట్, యోకోగావా, సీమెన్స్ ఐఎస్‌పీ అని ఒక జట్టు కట్టాయి. 1993లో హనీవెల్, అలెన్ బ్రాడ్లీ వంటివి ఫిప్ బాటలోని వరల్డ్‌ఫిప్ వైపు నిలిచాయి. కొట్టుకుంటే ఇద్దరమూ పోతామని తెలిసి 1994లో ఐఎస్‌పీ, వరల్డ్‌ఫిప్ ఉత్తర అమెరికా శాఖ కలిశాయి. టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఫీల్డ్‌బస్ ఫౌండేషన్ అలా పుట్టింది. ఐరోపా ఊరుకోలేదు. 1996లో ఈఎన్ 50170 పేరుతో పీ-నెట్, ప్రొఫీబస్, వరల్డ్‌ఫిప్ మూడింటినీ ఒకే అట్ట కింద కుట్టి తన ప్రమాణం తాను ప్రకటించుకుంది. ఐఈసీలో 1998లో ఒక్క ప్రమాణం కోసం పెట్టిన ఓటింగ్ వీగిపోయింది. 1999లో అలిసిపోయిన కంపెనీలు రాజీపడ్డాయి. 2000 సంవత్సరం చివర ఐఈసీ 61158 బయటికొచ్చేసరికి అందులో ఒకటి కాదు, ఎనిమిది ఫీల్డ్‌బస్‌లున్నాయి. ఫౌండేషన్ ఫీల్డ్‌బస్ (హెచ్1) మొదటిది, కంట్రోల్‌నెట్ రెండోది, ప్రొఫీబస్ మూడోది, ఇలా సాగుతుంది ఆ పట్టిక. తర్వాతి కూర్పుల్లో ఆ సంఖ్య ఇరవై దాటిపోయింది.

పదిహేనేళ్లు పట్టిందంటే ఆ ఆలస్యం విలువెంతో ఆలోచించాలి. 1985లో ఆ భాష దొరికి ఉంటే దానికి పోటీ ఏదీ లేదు. 2000 నాటికి హార్ట్ వచ్చి స్థిరపడిపోయింది. రోజ్‌మౌంట్ కంపెనీ 1980లలో తయారుచేసిన హార్ట్, పాత 4–20 కరెంటు మీదే 1200, 2200 హెర్ట్జ్ స్వరాలను సన్నగా పలికించి కబుర్లు చేరవేస్తుంది. తీగ మార్చక్కర్లేదు, డ్రాయింగు మార్చక్కర్లేదు, మల్టీమీటర్ మార్చక్కర్లేదు. ఫీల్డ్‌బస్ రాకముందు తాత్కాలికంగా సర్దుకుందామని తెచ్చుకున్నది ఇంట్లో మనిషైపోయింది.

అయినా ఫౌండేషన్ ఫీల్డ్‌బస్‌ను దగ్గరగా చూసినవాళ్లెవరూ దాన్ని తేలిగ్గా మరిచిపోరు. ఒక సెగ్మెంట్‌ను మొదటిసారి నిలబెట్టడం ఎలా ఉంటుందో చెబుతాను.

ముందు తీగ. నారింజ రంగు తొడుగు, లోపల మెలితిప్పిన జత, చుట్టూ షీల్డు. మంచి కేబుల్ అయితే ఒక సెగ్మెంట్ 1900 మీటర్ల దాకా పోతుంది. దానికి రెండు చివర్లా ఒక్కో టెర్మినేటర్ ఉండాలి, వంద ఓమ్‌ల రెసిస్టరూ ఒక కెపాసిటరూ కలిసిన చిన్న ముక్క. రెండంటే రెండే. ఒకటి తక్కువైతే సంకేతం చివర తగిలి వెనక్కి వస్తుంది. ఒకటి ఎక్కువైతే సంకేతం నీరసిస్తుంది. షీల్డును క్యాబినెట్ వైపు ఒక్క చోటే ఎర్త్ చెయ్యాలి. 4–20కి అలవాటుపడి జంక్షన్ బాక్సుల్లో కూడా షీల్డును డబ్బా ఒంటికి చుట్టేస్తే పక్కనున్న మోటారు రొద అంతా తీగలోకి దిగుతుంది.

సముద్రం ఒడ్డున ఒక ప్లాంటులో కమిషనింగ్ రోజులు. 12 పరికరాలుండాల్సిన సెగ్మెంట్‌లో తొమ్మిదే కనబడుతున్నాయి. మిగతా మూడూ కాసేపు వచ్చి మళ్లీ మాయమవుతున్నాయి.

“గురువుగారూ, తీగలన్నీ చూశానండీ. చివరి బాక్సులో కూడా 24 వోల్టులు బాగానే వస్తోంది,” అన్నాడు కుర్రాడు వాకీటాకీలో.

“వోల్టులు సరేరా అబ్బాయ్. మాట ఎంత గట్టిగా వినబడుతోందో చూడు. మల్టీమీటర్ పక్కనపెట్టి టెస్టర్ తగిలించు.”

టెస్టర్ తగిలిస్తే సంకేతం ఉండాల్సిన దానిలో మూడో వంతు తగ్గి ఉంది. ఇంకో గంటకు కారణం దొరికింది. డ్రాయింగ్ ప్రకారం ఒకప్పుడు ఆ సెగ్మెంట్ మూడో జంక్షన్ బాక్సు దగ్గరే ముగిసేది. తర్వాత ప్లాన్ మారి నాలుగో బాక్సు కలిపారు. కొత్త బాక్సులో టెర్మినేటర్ పెట్టారు. పాత బాక్సులో టెర్మినేటర్ స్విచ్ ఆన్‌లోనే ఉండిపోయింది. గోరంత స్విచ్ కిందికి నొక్కగానే మూడు పరికరాలూ వచ్చి వరసలో నిలబడ్డాయి. అక్కడున్న ఇంకో పెద్దాయన ముప్పై ఏళ్లుగా మల్టీమీటర్‌నే నమ్ముకున్నవాడు. వోల్టులు సరిగ్గా ఉండి కూడా తీగ తప్పు చెయ్యగలదన్న సంగతి ఆయన్ని ఎంత కలవరపెట్టిందో ఆ ముఖంలో కనబడింది. ఫీల్డ్‌బస్‌కు తర్వాత జరిగిన పతనానికి ఆ కలవరం కూడా ఒక కారణమే.

తీగ కుదిరాక అసలు అందం మొదలవుతుంది. సెగ్మెంట్ మీద ఎవరు ఎప్పుడు మాట్లాడాలో నిర్ణయించే పెద్ద ఒకరుంటారు. లింక్ యాక్టివ్ షెడ్యూలర్ అంటారు, పొట్టిగా ‘లాస్’. ఖాళీగా ఉన్న చిరునామాలను అది ఒక్కొక్కటిగా పిలుస్తూ ఉంటుంది: ఎవరైనా కొత్తవాళ్లున్నారా? పెట్టెలోంచి అప్పుడే తీసి తగిలించిన పరికరం 248 నుంచి 251 లోపు ఒక తాత్కాలిక చిరునామా మీద జవాబిస్తుంది. అప్పుడు మనం దానికి ట్యాగ్ పేరు పెట్టి, శాశ్వత చిరునామా ఇస్తాం. ఆ క్షణం నుంచి అది లైవ్ లిస్టులో మనిషి.

ఆ తర్వాత బ్లాకులు. ట్రాన్స్‌మిటర్‌లో అనలాగ్ ఇన్‌పుట్ బ్లాక్, అంటే ఏఐ. వాల్వు పొజిషనర్‌లో కంట్రోలర్ లెక్క చేసే పీఐడీ బ్లాక్, దాని వెనక అనలాగ్ అవుట్‌పుట్ బ్లాక్, అంటే ఏఓ. కొత్తవాళ్లు ముందుగా తడబడేది ఏఐ దగ్గర. దానికి ఛానెల్ చెప్పాలి. ఎల్-టైప్ చెప్పాలి: కొలత నేరుగా తీసుకోవాలా, స్కేలు మార్చాలా, ఓరిఫీసు ప్లేటు ఫ్లో అయితే వర్గమూలం తియ్యాలా. రెండు స్కేళ్లూ, వాటి యూనిట్లూ సరిపోవాలి. ఇందులో ఏ ఒక్కటి వదిలేసినా బ్లాకు ‘అవుట్ ఆఫ్ సర్వీస్’లోంచి కదలదు. ఆటోలో పెట్టమని ఎన్నిసార్లు చెప్పినా వినదు. మొండితనంలా కనబడుతుంది గానీ, తప్పు స్కేలుతో కొలత చెప్పడం కంటే నోరు మూసుకోవడమే నయమనుకునే నిజాయితీ అది.

ఇక మూడు గీతలు గీస్తే లూప్ అవుతుంది. ఏఐ అవుట్‌పుట్ పీఐడీ ఇన్‌పుట్‌కి. పీఐడీ అవుట్‌పుట్ ఏఓ క్యాస్కేడ్ ఇన్‌పుట్‌కి. ఏఓ నుంచి వెనక్కి పీఐడీకి ఒక గీత, బ్యాక్ క్యాలిక్యులేషన్ అని. మూడో గీత లేకపోతే లూప్ లేవదు. ఏఓను క్యాస్కేడ్‌లో పెట్టగానే అది పీఐడీకి “నేను ఇప్పుడు 37 శాతం దగ్గరున్నాను” అని చెబుతుంది. పీఐడీ తన లెక్కను ఆ 37 దగ్గరే మొదలుపెట్టుకుని “సరే, అక్కణ్ణించి నేను అందుకుంటాను” అంటుంది. ఇద్దరూ ఒప్పుకున్నాక గానీ చేతులు మారవు. వాల్వు ఒక్క కుదుపు లేకుండా ఆటోలోకి వెళ్తుంది. పీఐడీ, ఏఓ రెండూ పొజిషనర్‌లోనే ఉన్నాయి కాబట్టి ఈ ముచ్చటంతా పెట్టె లోపలే జరిగిపోతుంది. తీగ మీదికి రావాల్సింది ఒక్క మాటే, ట్రాన్స్‌మిటర్ కొలత. పీఐడీని ట్రాన్స్‌మిటర్‌లో పెడితే తీగ మీద రెండు మాటలు కావాలి, వాల్వుకు చెప్పడానికొకటి, వాల్వు నుంచి వినడానికొకటి. అందుకే లెక్క చోటు వాల్వే అన్నది ఆ కూర్పులోనే ఉంది.

ప్రతి మాక్రోసైకిల్‌లో, సెకనుకోసారో అరసెకనుకోసారో, ‘లాస్’ సరిగ్గా సమయానికి ట్రాన్స్‌మిటర్‌ను పిలుస్తుంది: ఇప్పుడు చెప్పు. ట్రాన్స్‌మిటర్ చెప్పేది ఒట్టి అంకె కాదు. అంకెతో పాటు ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో కూడా చెబుతుంది: మంచిది, సందేహం, చెడ్డది. చెడ్డది అని వినగానే పీఐడీ లెక్క ఆపి మాన్యువల్‌కి వెళ్తుంది, వాల్వు ఉన్నచోటే నిలబడుతుంది. ‘నా మాట నమ్మొద్దు’ అని కొలిచేవాడే చెప్పగలగడం, విన్నవాడు దానికి తగ్గట్టు నడుచుకోవడం, ఇంత మర్యాదను నేను వేరే ఏ యంత్రంలోనూ చూడలేదు.

చివరి పరీక్ష ఒకటుంటుంది. లూప్ ఆటోలో నడుస్తుండగా కంట్రోల్ రూమ్ క్యాబినెట్లో ఆ సెగ్మెంట్ హోస్ట్ కార్డు బయటికి లాగేస్తారు. తీగకు కరెంటిచ్చే పవర్ కండిషనర్ వేరు కాబట్టి పరికరాలు బతికే ఉంటాయి. తెరమీద అంకెలన్నీ పోయి ప్రశ్నార్థకాలు వస్తాయి. ఆ క్షణంలో పొజిషనర్‌లో నిద్రపోతున్న బ్యాకప్ ‘లాస్’ లేచి పెద్దరికం తీసుకుంటుంది. బయట వాల్వు దగ్గర నిలబడి చూస్తే స్టెమ్ ఎప్పటిలాగే సన్నగా కదులుతూ ఉంటుంది. లూప్‌కు ఏమీ తెలియదు. చివరిగా చెప్పిన సెట్‌పాయింట్‌ను పట్టుకుని అది తన పని తాను చేసుకుపోతుంది.

ఆ పరీక్ష చూసిన ఇంజనీర్లకు ఒళ్లు పులకరించింది. అదే పరీక్ష చూసిన ఆపరేషన్స్ వాళ్లకు భయం వేసింది. ఫీల్డ్‌బస్ కథలో అసలు విషాదం ఇదే, స్టాండర్డుల యుద్ధం కంటే పెద్దది. కళ్లకు కనబడని లూప్ ఒకటి బయట తనంతట తాను నడుస్తోంది, నేను ఆపలేను, మార్చలేను అన్న ఆలోచన షిఫ్ట్ ఇన్‌చార్జికి నిద్రపట్టనివ్వదు. ఆయన భయం తప్పనలేం. ప్లాంటు ఆయన చేతిలో ఉంది, పోతే ఆయన పేరే పోతుంది. కానీ ఆ భయం ఫలితం ఏమైందంటే, చాలా ప్రాజెక్టుల్లో ఫీల్డ్‌బస్ కొన్నారు, కంట్రోల్‌ను మాత్రం దానికి ఇవ్వలేదు. పీఐడీని మళ్లీ కంట్రోల్ రూమ్ క్యాబినెట్లలోని కంట్రోల్ సిస్టమ్‌లోనే, అంటే డీసీఎస్‌లోనే ఉంచారు. కొలత తీగ మీద కంట్రోల్ రూమ్‌కు వెళ్లాలి, లెక్క అక్కడ జరగాలి, జవాబు మళ్లీ అదే తీగ మీద వాల్వుకు రావాలి. దాని కోసమే పుట్టిన పనిని దానికివ్వకుండా మోతపని అప్పగించారు.

మరి కొన్నది ఎందుకు? రాగి కోసం. అమ్మినవాళ్లు చూపింది ఆ లెక్కే. 12 పరికరాలకు 12 జతల తీగలు లాగే బదులు ఒకటి లాగండి. తీగలు కలిపే మార్షలింగ్ క్యాబినెట్లు తగ్గుతాయి, కేబుల్ ట్రేలు తగ్గుతాయి, టెర్మినల్స్ తగ్గుతాయి. ఆ లెక్క నిజమే. 1996లో ఎమర్సన్ వారి డెల్టావి కంట్రోల్ సిస్టమ్ వచ్చాక, 2000 తర్వాతి పదేళ్లలో ఫీల్డ్‌బస్‌కు మంచి రోజులు నడిచాయి. చైనాలో షాంఘై దగ్గరి సెకో ఎథిలీన్ కాంప్లెక్స్, దయా బే దగ్గర షెల్, సీనూక్ కలిసి కట్టిన నాన్‌హై కాంప్లెక్స్ లాంటి భారీ ప్లాంట్లు దాని మీద లేచాయి. గల్ఫ్‌లోనూ వచ్చాయి, మన తెలుగు ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్లు అక్కడి ఎండల్లో ఆ నారింజ కేబుళ్లకు ఫెరూల్స్ తొడిగారు, టెర్మినేటర్లు లెక్కపెట్టారు. వెలుగు ఉన్న రోజుల్లో ఎవరూ అడగలేదు: రాగి ఆదా చెయ్యడానికి ఇంకో దారి దొరికితే ఏమవుతుంది?

ఇంకో దారి దొరికింది. 2010 ప్రాంతంలో ఎమర్సన్ ఎలక్ట్రానిక్ మార్షలింగ్ తెచ్చింది. ఒక్కో తీగకు ఒక్కో చిన్న మాడ్యూల్, సిగ్నల్ ఏ రకమైతే ఆ రకం మాడ్యూల్ గుచ్చుకోవడమే, క్యాబినెట్‌ను ప్లాంటులోనే పెట్టి అక్కణ్ణించి ఒక్క నెట్‌వర్క్ కేబుల్ లాగితే చాలు. మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. పాత 4–20, దాని మీద హార్ట్, దాని వెనక ఈ కొత్త క్యాబినెట్. రాగి మిగిలింది, క్రాస్ వైరింగ్ పోయింది, మల్టీమీటర్ మళ్లీ పనికొచ్చింది. రాగి తూకంలో నిలబెట్టినందుకు ఫీల్డ్‌బస్ ఆ తూకంలోనే ఓడిపోయింది. ఫీల్డ్‌బస్‌ను అమ్మిన కంపెనీయే దాని చేతిలోని ఆ ఒక్క వాదననూ లాగేసింది.

రాత్రి రెండు గంటల లెక్క ఇంకొకటుంది. నడుస్తున్న ప్లాంటులో పొజిషనర్ పాడైంది. 4–20 లోకంలో స్టోరుకు వెళ్లి కొత్తది తెచ్చి, బిగించి, స్ట్రోక్ చూసి, అరగంటో గంటో తర్వాత టీ తాగవచ్చు. ఫీల్డ్‌బస్ లోకంలో స్టోరులో ఉన్న కొత్త పొజిషనర్ రివిజన్ వేరు. కంపెనీ కొన్నేళ్ల కిందట సాఫ్ట్‌వేర్ మార్చింది. దాని డివైస్ డిస్క్రిప్షన్ ఫైలు హోస్ట్‌లో లేదు. హోస్ట్ దాన్ని గుర్తుపట్టదు. ఆ ఫైలు ఎక్కించాలంటే ఇంజనీరింగ్ స్టేషన్ పాస్‌వర్డ్ కావాలి, ఆ పాస్‌వర్డ్ ఉన్న మనిషి ఇంట్లో నిద్రపోతున్నాడు. ఫైలు ఎక్కాక డౌన్‌లోడ్ చెయ్యాలి. అదే సెగ్మెంట్ మీద బతికున్న మిగతా 11 పరికరాలకు ఏమైనా అవుతుందేమోనని ఆపరేటర్ ఒప్పుకోడు. అలాంటి రాత్రులు నాలుగైదు గడిచాక మెయింటెనెన్స్ మేనేజర్ తర్వాతి ప్రాజెక్టు స్పెసిఫికేషన్‌లో ఏం రాస్తాడో వేరే చెప్పక్కర్లేదు. పరికరం మారినా భాష మారకూడదన్నది ఫీల్డ్‌బస్ మొదటి వాగ్దానం. రివిజన్ల దగ్గర ఆ వాగ్దానం తప్పింది. ఇందులో యుద్ధం తప్పులేదు, భయం తప్పులేదు. ఇది సొంత లోపమే. దాన్ని ప్రేమించినవాళ్లు ఈ మాట చెప్పుకోవాలి.

100 మెగాబిట్ల ఈథర్‌నెట్ మీద నడిచే దాని పెద్దన్న హెచ్‌ఎస్‌ఈ కూడా 2000లోనే వచ్చింది, పెద్దగా ఎవరూ ఎత్తుకోలేదు. సేఫ్టీ సిస్టమ్‌ల కోసం తయారుచేసిన వెర్షనూ ప్లాంట్లలో నాటుకోలేదు. 2015లో ఫీల్డ్‌బస్ ఫౌండేషన్, హార్ట్ కమ్యూనికేషన్ ఫౌండేషన్ కలిసి ఫీల్డ్‌కామ్ గ్రూప్ అయ్యాయి. ఎవరి చోటు తీసుకోవడానికి పుట్టిందో వారి ఇంట్లోనే ఒక గదిలో సర్దుకుంది.

ఇప్పుడు ఈథర్‌నెట్ ఏపీఎల్ వచ్చింది. 2021లో దాన్ని ప్రకటించారు. ఒకే జత తీగ మీద కరెంటూ, సెకనుకు 10 మెగాబిట్ల ఈథర్‌నెట్టూ. ట్రంక్ వెయ్యి మీటర్లు. ఫీల్డ్‌బస్ కంటే 320 రెట్లు వేగం. అందుకు కావలసిన కేబుల్ ఏదంటే, ఫీల్డ్‌బస్‌కు వాడిన ఆ టైప్-ఏ కేబులే. తీగ వారసత్వంగా దక్కింది. కొలతతో పాటు నమ్మకం ఎంతో చెప్పే మర్యాద కూడా కొత్త ప్రొఫైళ్లలో కొంత మిగిలింది. వాల్వులో కూర్చుని లెక్క చూసుకునే కంట్రోలర్ మాత్రం ఆ ఆస్తిపంపకంలో ఎవరి వంతుకూ రాలేదు. ఇప్పటి ఏర్పాట్లలో లెక్క మళ్లీ క్యాబినెట్‌లోనే. అంత వేగం ఉన్నప్పుడు దూరం పెద్ద విషయం కాదంటారు. దూరం గురించైతే నిజమే కావచ్చు. క్యాబినెట్ పోయినప్పుడు లూప్ ఏమవుతుందన్న ప్రశ్నకు అది జవాబు కాదు. దానికి జవాబుగా రెండో కంట్రోలర్‌ను, రెండో పవర్ సప్లైని, రెండో స్విచ్‌ను పక్కనే పెడుతున్నారు. అవి నిజంగా పనిచేస్తున్నాయి కూడా. అయినా రెండూ ఒకే గదిలో ఉన్నాయి.

పాత ఫీల్డ్‌బస్ ప్లాంట్లలో మైగ్రేషన్ పనులు మొదలైనప్పుడు పొజిషనర్లు విప్పి హార్ట్‌వి పెడతారు. పీఐడీ బ్లాక్‌ను డీసీఎస్‌లో కొత్తగా రాస్తారు. ఆ పని చేసేవాళ్లు, ముఖ్యంగా ఫీల్డ్‌బస్‌ను పుస్తకంలో తప్ప చూడని కుర్రవాళ్లు, పొజిషనర్‌కు కరెంటు తీసేముందు దానిలోని పీఐడీ బ్లాక్‌ను ఒకసారి తెరిచి చదవాలని నా కోరిక. గెయిన్, రీసెట్, రేట్ రాసుకోండి. అందులో రీసెట్ సెకన్లలో ఉంటుంది, మీ డీసీఎస్‌లో నిమిషాల్లో ఉండవచ్చు. 24 సెకన్లు అని ఉన్నదాన్ని 24 నిమిషాలుగా ఎక్కిస్తే ఆ లూప్ షిఫ్టంతా సెట్‌పాయింట్ దగ్గరకు రాదు. మాక్రోసైకిల్ ఎంతో చూడండి, కొలత చెడ్డదని వచ్చినప్పుడు వాల్వు ఏం చెయ్యాలని పెట్టారో చూడండి. ఎవరో ఒకరు, ఏ కమిషనింగ్ రాత్రో, వాల్వు పక్కన నిలబడి స్టెమ్ కదలికను కంటితో చూస్తూ ఒక్కో అంకె దిద్దుకుంటూ కుదిర్చిన విలువలవి. కొత్త బ్లాకులోకి వాటినే ఎక్కించండి.